అధికారాన్ని అప్పగించిన సేనాని

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. మద్రాసు నుండి క్రమంగా తరలివచ్చిన పరిశ్రమ ఈ కొండలపై స్టూడియోలు నిర్మించుకొని స్థిరపడింది. తెలంగాణ ప్రజల పోరాటాలు, నిజాం పాలన, రజాకార్ల దౌర్జన్యాలు ఇతివృత్తాలుగా అనేక తెలుగు చిత్రాలు వెలువడ్డాయి. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’, 2011లో విడుదలైన ‘రాజన్న’ అట్టి వాటిలో పేర్కొనదగినవి. సినిమాకు పతాక సన్నివేశం అవసరం. పోరాటం తుది ఘట్టానికి చేరి, దుష్టపాలన అంతం కాగానే ప్రేక్షకుడు తృప్తితో లేచి వెళతాడు. చరిత్రకు మాత్రం ఆ సౌకర్యం లేదు. తుపాకుల మోత ఆగిన మరునాడు పరిపాలన ఎవరు సాగించాలి? వారు ఎవరికి జవాబుదారులు? ఆ అధికారం ప్రజల చేతికి ఎప్పుడు, ఏ మార్గాన చేరాలి? వెండితెరపై అరుదుగా కనిపించే ఈ ప్రశ్నలే ఒక సమాజపు భవిష్యత్తును నిర్ణయిస్తాయి.

హైదరాబాదు సంస్థానం ఈ ప్రశ్నలను 1948 సెప్టెంబరులో ఎదుర్కొన్నది. అప్పటి నుండి 1952 మార్చి వరకు గడచిన మూడున్నర సంవత్సరాలలో ఆ రాజ్యం నాలుగు విధాలైన పాలనలను చూసింది. మొదట రాజు, తరువాత సైనికుడు, ఆ తరువాత ప్రభుత్వోద్యోగి, చివరకు ప్రజలు ఎన్నుకున్న నాయకుడు పాలన సాగించారు. ఈ మార్పులో రెండవ మెట్టుపై నిలిచిన వ్యక్తి మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురి. సైన్యాధిపతిగా వచ్చి, ఒక పెద్ద రాజ్యానికి పాలకుడై, నిర్ణీత కార్యం ముగియగానే ఆ పదవిని విడిచి వెళ్లిన ఆయన కథ ప్రజాస్వామ్య విద్యార్థులు తెలుసుకోదగినది.

హైదరాబాదు సంస్థానం విస్తీర్ణంలోను, జనసంఖ్యలోను భారతదేశంలోని పెద్ద సంస్థానాలలో ఒకటి. 1941 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 1 కోటి 63 లక్షల మంది నివసించేవారు. తెలుగు మాట్లాడే ఎనిమిది జిల్లాలు, మరాఠీ మాట్లాడే ఐదు జిల్లాలు, కన్నడం మాట్లాడే మూడు జిల్లాలు అందులో ఉండేవి. రాజ్యంలోని భూమి అంతా ఒకే పాలన కింద లేదు. దివానీ భూములు ప్రభుత్వ అధికారుల ఆధీనంలో ఉండేవి. సర్ఫేఖాస్ నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూభాగం. ఇవి గాక వేలాది గ్రామాలు జాగీర్దారుల చేతిలో ఉండేవి. కొన్ని పెద్ద జాగీర్లలో పన్నుల వసూలే కాక, పోలీసు, న్యాయాధికారాలు కూడా జాగీర్దారులే చెలాయించేవారు. వెట్టిచాకిరి, అక్రమ వసూళ్లు గ్రామీణ జీవితాన్ని కుంగదీశాయి. వయోజన ఓటు హక్కు అనే మాటకే అక్కడ తావు లేదు.

1947 ఆగస్టు 15 తరువాత కూడా నిజాం ఉస్మాన్ అలీఖాన్ భారత యూనియన్‌లో చేరలేదు. 1947 నవంబరులో ఒక సంవత్సర కాలానికి యథాతథ ఒప్పందం మాత్రం కుదిరింది. ఒకవైపు స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం, మరొకవైపు తెలంగాణ గ్రామాలలో కమ్యూనిస్టుల నాయకత్వాన సాయుధ పోరాటం, వేరొకవైపు కాశీం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల హింసాకాండ చెలరేగాయి. సంప్రదింపులు విఫలమైన పిమ్మట, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. ప్రజలు దీనిని ‘పోలీసు చర్య’ అని పిలిచారు. సైనికుల పరిభాషలో అది ‘ఆపరేషన్ పోలో’. షోలాపూరు వైపు నుండి నల్‌దుర్గ్ మీదుగా ముందుకు సాగిన ప్రధాన దళానికి మేజర్ జనరల్ చౌధురి నాయకత్వం వహించారు. సెప్టెంబరు 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మరునాడు హైదరాబాదు సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ చౌధురి ఎదుట లొంగిపోయారు. ఆనాడే చౌధురి సంస్థానానికి మిలిటరీ గవర్నరు అయ్యారు.

జయంతనాథ్ చౌధురి 1908లో కలకత్తాలో జన్మించారు. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొంది, 1928లో సైన్యంలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆఫ్రికాలోను, బర్మాలోను యుద్ధరంగాలను చూశారు. యుద్ధానంతరం మలయాలో సైనిక పరిపాలనా వ్యవహారాలలో పనిచేశారు. యుద్ధంలో నలిగిపోయిన దేశంలో తిండిగింజలు, శాంతిభద్రతలు, దెబ్బతిన్న రహదారులు ఎంతటి సమస్యలవుతాయో ఆయన అక్కడ ప్రత్యక్షంగా గ్రహించి ఉండాలి. అయినను యుద్ధంలో గెలవడం వేరు, ప్రజలను పాలించడం వేరు. సైన్యంలో ఆజ్ఞకు ఎదురులేదు. పౌరజీవనంలో ప్రతి ఆజ్ఞ వెనుక ఒక చట్టం ఉండాలి, ప్రతి చట్టం వెనుక ప్రజల సమ్మతి ఉండాలి. నలభై ఏళ్ల వయస్సులో చౌధురికి అప్పగించబడిన పని ఈ రెండింటికీ నడుమ ఉన్నది. ఆయన చేతిలో అధికారం ఉన్నది. ఆ అధికారానికి ప్రజల సమ్మతి మాత్రం ఇంకా లభించలేదు.

సైనిక పాలన ఏర్పడిన తీరు గమనింపదగినది. నిజాంను సింహాసనం నుండి తొలగించలేదు. ఆయన ఫర్మానా ద్వారానే పరిపాలనాధికారాలు మిలిటరీ గవర్నరుకు సంక్రమించాయి. ఆ విధంగా పాత రాజ్యాంగ క్రమం తెగిపోకుండానే అధికారం చేతులు మారింది. చౌధురి ఒంటరిగా పాలించలేదు. ఐ.సి.ఎస్. అధికారి డి.ఎస్. బాఖలే ప్రధాన పౌర పరిపాలకుడుగా ఆయన పక్కన ఉన్నారు. నవాబ్ జైన్ యార్ జంగ్ వంటి హైదరాబాదు ప్రముఖులు కూడా సలహా మండలిలో పాల్గొన్నారు. వీరందరిపైన ఢిల్లీలోని సంస్థానాల మంత్రిత్వశాఖ, దానికి నాయకుడైన సర్దార్ వల్లభభాయ్ పటేల్ ఉన్నారు. హైదరాబాదులో అధికారం సేనాని చేతిలో ఉన్నప్పటికీ, ఆ సేనాని పౌర ప్రభుత్వం చేతిలో ఉన్నాడు. ఈ ఒక్క విషయం మరచిపోతే తరువాతి చరిత్ర అర్థం కాదు.

చౌధురి పాలనాకాలంలో వచ్చిన ప్రధానమైన మార్పు భూసంబంధమైనది. 1949లో సర్ఫేఖాస్ భూములు దివానీలో విలీనమైనాయి. అదే సంవత్సరం ఆగస్టు 15న జాగీర్దారీ రద్దు శాసనం వెలువడింది. ఆ శాసనం పేరులో అప్పటికి వాడుకలో ఉన్న ఫసలీ సంవత్సరం, అంటే 1358 ఫసలీ, చోటుచేసుకొన్నది. తరతరాలుగా జాగీర్దారులు అనుభవించిన అధికారాలు రద్దయినాయి. వారి గ్రామాలు ప్రభుత్వాధీనమైనాయి. వారికి పరిహారం చెల్లించే ఏర్పాటు జరిగింది. దీనితో రాజ్యంలోని రైతులందరూ మొదటిసారిగా ఒకే ప్రభుత్వానికి శిస్తు చెల్లించే స్థితి ఏర్పడింది. అయితే జాగీర్దారు తొలగినంత మాత్రాన దున్నేవానికి భూమి దక్కలేదు. దేశ్‌ముఖులు, పట్టాదారులు, భూస్వాములు గ్రామాలలో యథాస్థానంలోనే నిలిచారు. కౌలుదారులకు రక్షణ కల్పించే చట్టం సైనిక పాలన ముగిసిన తరువాత, 1950లో వచ్చింది.

సైనిక పాలనకు మరొక ముఖం కూడా ఉన్నది. పోలీసు చర్య జరిగిన రోజులలోను, ఆ తరువాతను సంస్థానంలోని అనేక ప్రాంతాలలో, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాలలో, ముస్లింలపై ఘోరమైన ప్రతీకార హింస జరిగింది. రజాకార్ల దురాగతాలతో ఎట్టి సంబంధము లేని నిరపరాధులు అందులో బలియైనారు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ మొదలైన వారిని విచారణకై పంపారు. 1948 చివరి మాసాలలో వారు సంస్థానంలో పర్యటించి, మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేశారు. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలలో పాల్గొన్నారని నివేదించారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రకటించలేదు. అనేక దశాబ్దాల పాటు అది సామాన్యులకు అందుబాటులోకి రాలేదు. శాసనసభ ఉండి ఉంటే సభ్యులు లేచి ప్రశ్నించేవారు, మంత్రులు సమాధానం చెప్పవలసి వచ్చేది. సభ లేని రాజ్యంలో బాధితుని గొంతు వినిపించే వేదిక లేకపోయింది.

తెలంగాణ గ్రామాలలో కూడా ఇట్టి పరిస్థితియే ఏర్పడింది. నిజాంకు వ్యతిరేకంగా ఆరంభమైన రైతుల పోరాటం పోలీసు చర్యతో ఆగలేదు. పంచుకున్న భూములు మళ్లీ భూస్వాముల పాలవుతాయనే భయం దళాలను అడవులలోనే నిలిపింది. దానిని అణచివేయుటకు ప్రభుత్వం సైన్యాన్ని, సాయుధ పోలీసులను వినియోగించింది. వేలాదిమంది నిర్బంధితులైనారు. మిలిటరీ గవర్నరు శాసనం ద్వారా ఏర్పడిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1949లో పలువురికి మరణశిక్ష విధించాయి. ఆ కేసులలో కొన్ని సుప్రీంకోర్టు వరకు వెళ్లాయి. రాజ్యాంగం అమలులోకి రాకముందు ముగిసిన విచారణలకు అందులోని ప్రాథమిక హక్కులు వర్తించవని న్యాయస్థానం తీర్పు చెప్పింది. తరువాత ఆ మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. కొన్ని మాసాల వ్యవధి మనిషి ప్రాణానికి ఎంతటి భేదం కలిగించగలదో ఈ ఉదంతం తెలుపుతుంది. 1950 జనవరి 26కు ముందు విచారణ ముగిసిన నిందితునికి లేని రక్షణలు, ఆ తరువాతి వానికి ఉన్నాయి.

సైనిక పాలన ఎంత సమర్థమైనదైనా అది తాత్కాలికమైన ఏర్పాటుగానే ఉండవలెనని ఢిల్లీ ప్రభుత్వం భావించింది. 1949 నవంబరు 23న నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా జారీ చేశారు. ఇక్కడొక చేదు వాస్తవం కూడా ఉన్నది. రాజ్యాంగాన్ని రచించిన సభలో హైదరాబాదు ప్రతినిధులు ఒక్కరు కూడా కూర్చోలేదు. అంటే తమను తాము పాలించుకొనే హక్కు హైదరాబాదు ప్రజలకు ఒక రాజు ఫర్మానా ద్వారా లభించింది. 1949 డిసెంబరుతో మిలిటరీ గవర్నరు పాలన ముగిసింది. సుమారు పదిహేను నెలలు ఒక రాజ్యాన్ని శాసించిన చౌధురి తిరిగి సైనిక విధులలో చేరిపోయారు. ఐ.సి.ఎస్. అధికారి ఎం.కె. వెల్లోడి పరిపాలనా బాధ్యత స్వీకరించారు. 1950 జనవరి 26న నిజాం రాజప్రముఖ్ అయ్యారు, వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ సంవత్సరంలోనే బూర్గుల రామకృష్ణారావు మొదలైన కాంగ్రెసు నాయకులు మంత్రివర్గంలో చేరారు. వీరు ఎన్నికైన వారు కాకపోయినను, ప్రజాజీవితం నుండి వచ్చినవారు.

1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. ఆ వెంటనే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. సంస్థానంలోని స్త్రీపురుషులు, భూస్వాములు, కూలీలు ఒకే వరుసలో నిలబడి ఓటు వేశారు. హైదరాబాదు శాసనసభలోని 175 స్థానాలలో కాంగ్రెసు 93 గెలుచుకొన్నది. కమ్యూనిస్టులు నిషేధం కారణంగా పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరిట పోటీచేసి 42 స్థానాలు సాధించారు. సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి నల్గొండ నుండి లోక్‌సభకు పోటీచేసి, దేశంలోనే అత్యధికంగా, నెహ్రూ కంటే కూడా ఎక్కువ ఓట్లు పొందారు. పోరాటంలో పాల్గొన్న ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. నిన్నటి వరకు ప్రభుత్వం వెతికిన వ్యక్తులు నేడు ప్రభుత్వాన్ని ప్రశ్నించే స్థానంలో కూర్చున్నారు. 1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశారు.

ఈ పరిణామం ఎంత అపురూపమైనదో పొరుగు దేశాల చరిత్రతో పోల్చినప్పుడు తెలుస్తుంది. 1928లో శాండ్‌హర్స్ట్ నుండి చౌధురితో పాటు బయటికి వచ్చిన వారిలో అయూబ్ ఖాన్ ఒకరు. ఇద్దరిదీ ఒకే శిక్షణ, ఒకే క్రమశిక్షణ. దేశ విభజన తరువాత అయూబ్ ఖాన్ పాకిస్తాన్ సైన్యాధిపతి అయ్యారు. 1958 అక్టోబరులో దేశాధికారాన్ని హస్తగతం చేసుకొని, 1969 వరకు పాలించారు. చౌధురి 1962లో భారత సైన్యాధిపతి పదవికి చేరుకొన్నారు. 1965 యుద్ధంలో ఈ ఇద్దరు సహాధ్యాయులు ఎదురెదురుగా నిలిచారు. ఒకరు దేశాధ్యక్షుడు, మరొకరు ఎన్నికైన ప్రధానమంత్రి ఆజ్ఞకు లోబడిన సైనికుడు. చౌధురి 1966లో పదవీ విరమణ చేసి, కెనడాలో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. 1983లో మరణించారు.

బర్మా కథ తెలుగువారికి మరింత దగ్గరిది. అక్కడ జనరల్ నెవిన్ 1958లో తాత్కాలిక ప్రభుత్వాన్ని నడిపి, 1960లో ఎన్నికలు జరిపించి అధికారాన్ని అప్పగించారు. అంతటితో ఆగి ఉంటే ఆయన పేరు కూడా గౌరవంగా నిలిచేది. 1962లో ఆయన తిరిగి అధికారాన్ని బలవంతంగా చేజిక్కించుకున్నారు. వ్యాపారాలు జాతీయం కావడంతో, తరతరాలుగా రంగూనులో స్థిరపడిన భారతీయులు, వారిలో వేలాది తెలుగువారు, కట్టుబట్టలతో స్వదేశానికి తరలివచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ వలసకు నేటికీ గుర్తుగా నిలిచి ఉన్నది. అధికారంలోకి వచ్చిన సేనాని తిరిగి వెళ్లడా, వెళ్లినవాడు మళ్లీ వస్తాడా అనేది రాజధానులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. సముద్రానికి ఆవల ఉన్న చిన్న దుకాణదారుని జీవితం కూడా దానిపై ఆధారపడి ఉంటుంది.

ఒకే కళాశాలలో చదివిన ఇద్దరు సేనానుల దారులు వేరు కావడానికి కారణమేమి? చౌధురి వ్యక్తిగత నిగ్రహం ఒక కారణం కావచ్చు. అది ఒక్కటే చాలదు. ఆయనను నియమించిన ప్రభుత్వం ఆయనకంటే బలమైనది. ఆయన పదవికి కాలపరిమితి ఉన్నది. ఆయన పక్కన పౌర అధికారులు ఉన్నారు. ఆయన వెనుక ఒక రాజ్యాంగం రూపుదిద్దుకొంటున్నది. మంచి మనిషి దొరకడం అదృష్టం. ఆ మనిషి మంచిగా ఉండక తప్పని ఏర్పాటు చేసుకోవడం వివేకం. అటువంటి ఏర్పాటు దృఢంగా ఉన్నచోట సైనికుడు సేవకుడుగా మిగులుతాడు, అది సడలినచోట రక్షకుడే ప్రభువు అవుతాడు.

ఎన్నికైన ప్రభుత్వం తప్పులు చేయదని దీని అర్థం కాదు. బూర్గుల ప్రభుత్వం ఏర్పడిన ఆరు నెలలకే, 1952 సెప్టెంబరులో, ముల్కీ ఉద్యమం హైదరాబాదులో ఉద్ధృతమైంది. స్థానికులకు రావలసిన ఉద్యోగాలు బయటివారికి దక్కుతున్నాయని విద్యార్థులు వీధులలోకి వచ్చారు. పోలీసు కాల్పులలో యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఇది ప్రజాప్రభుత్వం చేతుల మీదుగా జరిగిన విషాదం. అయితే ఈసారి శాసనసభ ఉన్నది, ప్రతిపక్షం ఉన్నది. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి ఆధ్వర్యంలో న్యాయవిచారణ జరిగింది. 1948 నాటి మృతుల లెక్క దశాబ్దాల పాటు కాగితాల మధ్య ఉండిపోగా, 1952 నాటి మృతుల విషయం ప్రజల ఎదుటనే చర్చకు వచ్చింది. ప్రజాస్వామ్యం కన్నీటిని పూర్తిగా ఆపలేకపోవచ్చు. ఆ కన్నీటికి కారణమేమిటని అడిగే హక్కును అది ప్రజలకు ఇస్తుంది.

1956 నవంబరు 1న హైదరాబాదు రాజ్యం భాషాప్రాతిపదికపై విడిపోయింది. రాజప్రముఖ్ పదవి కూడా రద్దయింది. పడమటి కొండలపై తరువాతి కాలంలో ఇళ్లు, స్టూడియోలు వెలిశాయి. అక్కడ తయారయ్యే కథలలో విజయం సాధించిన వీరుడు చివరి సన్నివేశంలో ప్రజల జయధ్వానాల నడుమ నిలుస్తాడు. హైదరాబాదు చరిత్రలో అట్టి సన్నివేశం 1948 సెప్టెంబరు 18న వచ్చింది. దానికంటె విలువైన ఘట్టాలు మాత్రం జయధ్వానాలు లేకుండానే జరిగాయి. ఒక సేనాని తన కార్యాలయాన్ని ఒక పౌర అధికారికి అప్పగించి వెళ్లడం వాటిలో ఒకటి. ఆ తరువాత రెండేళ్లకు పల్లెలో ఒక రైతు కూలీ తొలిసారిగా ఓటు చీటీని పెట్టెలో వేయడం మరొకటి. మొదటిది జరగకపోతే రెండవది జరిగేది కాదు.